రోజర్ షెర్మన్: స్థానిక న్యాయపీఠం నుండి రాజ్యాంగ సభ వరకు

వ్యాససంగ్రహం:
అమెరికా తొలితరం రాజనీతిజ్ఞులలో రోజర్ షెర్మన్ (1721–1793) న్యాయవాది, శాసనకర్త, స్థానిక న్యాయాధికారి. ఉన్న వ్యవస్థలను కూలదోయకుండా సర్దుబాటు చేయడమే అతని పద్ధతి. ఆ పద్ధతి సాధించినదేమిటో, దాని మూల్యం ఎవరు చెల్లించారో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రోజర్ షెర్మన్, కనెక్టికట్, స్థానిక న్యాయస్థానాలు, రాజ్యాంగ సభ, బానిసత్వం.

1. ఉపోద్ఘాతం:
1774 నాటి వలసల వాణిజ్య బహిష్కరణ ఒప్పందం, స్వాతంత్ర్య ప్రకటన, సమాఖ్య నిబంధనలు, 1787 నాటి రాజ్యాంగం - ఈ నాలుగింటిపైనా సంతకం చేసినవాడు షెర్మన్ ఒక్కడే. అయినా జెఫర్సన్, మాడిసన్‌లకు దక్కిన ప్రసిద్ధి ఇతనికి దక్కలేదు.

2. వృత్తి జీవితం:
మసాచుసెట్స్‌లో జన్మించిన షెర్మన్ మొదట చెప్పులు కుట్టే వృత్తిలో ఉన్నాడు. 1743లో కనెక్టికట్‌లోని న్యూ మిల్ఫర్డ్‌కు చేరి, 1745లో భూమి సర్వేయరుగా నియమితుడయ్యాడు. కళాశాల విద్య లేకుండానే న్యాయశాస్త్రం అభ్యసించి, 1754లో న్యాయవాదిగా నమోదయ్యాడు. మరుసటి ఏడాదే శాసనసభ్యత్వంతో పాటు లిచ్‌ఫీల్డ్ కౌంటీలో జస్టిస్ ఆఫ్ ది పీస్ పదవి లభించింది. 1761లో న్యూ హేవెన్‌కు తరలివెళ్లి, అక్కడి కౌంటీ న్యాయస్థానంలోనూ తీర్పులు చెప్పాడు. 1766 నుండి ఎగువసభ సభ్యుడిగా, సుపీరియర్ కోర్టు న్యాయమూర్తిగా ఏకకాలంలో కొనసాగాడు. చట్టం చేసే చేయి, తీర్పు రాసే చేయి ఒకటే కావడం నాటి కనెక్టికట్‌లో దోషంగా పరిగణింపబడలేదు. 1785లో ఈ రెండు పదవులను ఒకరే నిర్వహించరాదని చట్టం వచ్చినప్పుడు అతడు న్యాయపీఠాన్నే ఎంచుకున్నాడు.

3. రాజ్యాంగ సభలో:
1787 జూన్‌లో దిగువ స్థాయి జాతీయ న్యాయస్థానాల ప్రతిపాదన వచ్చినప్పుడు, రాష్ట్ర న్యాయస్థానాలే ఆ పనికి చాలునని, కొత్తవి వ్యయభారమని షెర్మన్ వాదించాడు. రెండు దశాబ్దాలకు పైగా ఆ న్యాయస్థానాలలో కూర్చున్నవాని మాట అది. దిగువసభలో జనాభా ప్రాతిపదికన, సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ సమానంగా ప్రాతినిధ్యం ఉండాలన్న అతని సూచన జూలై 16న ఆమోదం పొందిన రాజీకి ఆధారమైంది.

4. సర్దుబాటు మూల్యం:
రిచర్డ్ లాతో కలిసి షెర్మన్ సవరించిన కనెక్టికట్ చట్టసంహితలో బానిసత్వ క్రమనిర్మూలన నిబంధన చేరింది. 1784 మార్చి 1 తరువాత బానిస తల్లులకు పుట్టినవారికి 25 ఏళ్లు నిండితే విముక్తి లభిస్తుంది. అప్పటికే బానిసలుగా ఉన్నవారికి ఏమీ లభించదు. అక్కడ బానిసత్వం పూర్తిగా రద్దైనది 1848లో. రాజ్యాంగ సభలోనూ బానిసల వ్యాపారాన్ని తాను మెచ్చనంటూనే, దానిని ఉన్నట్లే వదిలివేయడం మేలన్నాడు.

5. ముగింపు:
రాష్ట్ర న్యాయస్థానాలను కాపాడిన దృష్టీ, బానిసల విముక్తిని వాయిదా వేసిన దృష్టీ వేర్వేరు కావు. వివాదాన్ని ఇరుపక్షాల అంగీకారంతో ముగించడం కౌంటీ న్యాయాధికారికి సద్గుణమే. కాని రాజ్యాంగ సభ కుదిర్చిన ఒప్పందంలో బానిసలు ఒక పక్షంగా లేరు. షెర్మన్ మేధను, దాని పరిమితిని కలిపి చదివినప్పుడే అతని చరిత్ర సమగ్రమవుతుంది.