బంతి మొక్క కాపలా కాదు, ఎర: పునుకుల చెప్పిన పాఠం

మిద్దె తోటల రీల్స్‌లో ఒక మాట మీరు వినే ఉంటారు. టమాటా కుండీ పక్కన బంతి పెడితే పురుగే రాదంటారు. అందులో సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే మన ఖమ్మం అడవి అంచుకి వెళ్లాలి.

ఇక్కడ రకరకాల పంటలు కలిపి విత్తడం పాత అలవాటే. గోదావరి పక్క కొండల్లో ఉండే కొండరెడ్ల మీద హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు 1945లో ఒక పుస్తకం తెచ్చాడు. పోడు చేసేవాళ్లు జొన్న, చిరుధాన్యాలు, పప్పు జాతులు ఒకే చెలకలో వేసేవాళ్లు. ఒకదాన్ని పురుగు తిన్నా ఇంకోటి మిగిలి ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేది.

తర్వాత పత్తి వచ్చింది. ఊరంతా ఒకటే పంట అయితే శనగపచ్చ పురుగుకి అన్‌లిమిటెడ్ మీల్స్ పెట్టినట్టే కదా! మందు కొట్టేకొద్దీ దాన్ని తట్టుకున్న పురుగులే మిగిలి, వాటి సంతానమే పెరిగింది. డోసు పెరిగింది, అప్పూ పెరిగింది. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్నే కుదిపేశాయి.

ఇప్పుడు పునుకుల సంగతికొద్దాం. పాల్వంచ దగ్గరి ఊరు ఇది, అప్పట్లో ఖమ్మం జిల్లా. 1999లో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ ఇక్కడ కొద్దిమంది రైతులతో మందు లేని సేద్యం మొదలుపెట్టింది. వేప గింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు వాడారు. వీటితో పాటు పత్తి చేలో ఎర పంటలుగా ఆముదం, బంతి వేశారు. మహిళా సంఘాలు గట్టిగా నిలబడ్డాయి. ఎందుకంటే మందు అప్పు, మందు కొట్టినోళ్ల జబ్బు, రెండూ ఇంట్లో మోసేది వాళ్లే. 2004 నాటికి పునుకుల తనను తాను పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకుంది. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సెర్ప్ ఈ పద్ధతిని మహిళా సంఘాల ద్వారా వేరే జిల్లాలకీ తీసుకెళ్లింది.

ఇంతకీ ఎర పంట ఎలా పనిచేస్తుంది? నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి హనీపాట్ అంటే వెంటనే అర్థమవుతుంది. హ్యాకర్ కోసం కావాలనే ఒక డమ్మీ సర్వర్ పెట్టి, దాని మీద కన్నేసి ఉంచుతాం. ఇదీ అంతే. లద్దె పురుగు తల్లికి ఆముదం ఆకంటే ఇష్టం. అక్కడ గుడ్లు గుంపుగా పెడుతుంది. పిల్ల పురుగులు పచ్చదనం గీకేసి ఆకుని జల్లెడలా చేస్తాయి. దూరం నుంచే కనపడుతుంది, ఆ ఆకు తెంపేస్తే వందల పురుగులు పోయినట్టే. శనగపచ్చ పురుగు తల్లి మాత్రం బంతి మొగ్గల మీద, పూల మీద ఒక్కో గుడ్డే పెడుతుంది. అందుకే వాటిని దగ్గరగా చూడాలి.

అంటే బంతి పురుగుని తరమదు, పిలుస్తుంది. పిలిచాక మీరు చూడకపోతే ఆ బంతే పురుగుల నర్సరీ అవుతుంది. రీల్స్‌లో మిస్సయ్యే సగం ఇదే.

ఇంకో కిటుకు టైమింగ్. టమాటాకి బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పిన లెక్క ఇది: 25 రోజుల టమాటా నారు, 45 రోజుల బంతి నారు ఒకేసారి నాటాలి, 16 వరుసల టమాటాకి ఒక వరుస బంతి. టమాటా పూతకొచ్చేసరికి బంతి కూడా పూసి ఉండాలన్నమాట. మిద్దె మీదైతే టమాటా విత్తనం కన్నా 20 రోజుల ముందే బంతి విత్తనం వేసుకోండి చాలు.

ఆ తర్వాత రోజూ పొద్దున ఫోన్ పక్కనపెట్టి ఐదు నిమిషాలు మొగ్గలు తిప్పి చూడండి. పునుకుల రైతులు మందు డబ్బా బదులు నమ్ముకున్నది ఆ చూపునే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!