ఉత్పాదకత: పలాస జీడి పరిశ్రమ

నిర్ణీత శ్రమ, పెట్టుబడి, ముడిసరుకుల నుంచి ఎంత ఉత్పత్తి లభిస్తుందో తెలిపే కొలతను ఉత్పాదకత అంటారు. 1909–49 మధ్య అమెరికాలో వ్యవసాయేతర రంగాల్లో పనిగంటకు వచ్చే ఉత్పత్తి రెట్టింపు కాగా, అందులో సుమారు ఎనిమిదింట ఏడు వంతులు పెట్టుబడి పెరగడం వల్ల కాక సాంకేతిక ప్రగతి వల్లనే వచ్చాయని ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1957లో లెక్కగట్టాడు; వృద్ధి సిద్ధాంతంలో చేసిన కృషికి ఆయనకు 1987లో నోబెల్ బహుమతి లభించింది.

శ్రీకాకుళం జిల్లా పలాస–కాశీబుగ్గలోని జీడి పరిశ్రమ ఈ కొలతకు మంచి పరీక్ష. చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలోని జీడితోటల పిక్కలను ఉడికించి, పెంకు కోసి, బోర్మా అనే వేడి గదిలో ఆరబెట్టి, పొట్టు తీసి, పరిమాణాన్నిబట్టి వేరుచేస్తారు. 80 కిలోల బస్తా నుంచి దక్కే పప్పు సుమారు 20 కిలోలే కాగా, విరగని గుండు పప్పుకు పలికే ధర బద్దకు పలకదు కనుక, తూకం ఒకటే అయినా విలువ మారిపోతుంది. పెంకులోని జీడిరసం చర్మాన్ని కాల్చుతుంది గనుక చేతులకు నూనె రాసుకుని పిక్క కోసే, పొట్టు తీసే మహిళల నైపుణ్యమే ఆ తేడాను నిర్ణయిస్తుంది. దానిని కేవలం పనిగంటలుగా లెక్కించడం అన్యాయం.

చెట్టు కూడా పెట్టుబడే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కూల్చిన జీడితోటలను తిరిగి నాటినా, కాపు అందడానికి ఏళ్లు పడుతుంది. ఉద్దానాన్ని పీడిస్తున్న దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి శ్రామికుల పనిదినాలనే హరిస్తున్నందున, ఇక్కడి ఉత్పాదకత అధ్యయనంలో ఆరోగ్యానికి యంత్రాలతో సమాన స్థానం ఇవ్వాలి.