ఆర్‌ఎక్స్-7 నుంచి ఆర్‌ఎక్స్ 100 దాకా: ఒక సన్న ఆయిల్ పైపు చరిత్ర

 

ఈరోజు టాపిక్ పెన్ను రీఫిల్ అంత సన్నటి పైపు. రోటరీ ఇంజన్ కారులో ఉంటది, మన ఊళ్ళో ఇంకా తిరిగే యమహా ఆర్‌ఎక్స్ 100లో కూడా ఉంటది. ఆ పైపుని తీసేయాలా, కడిగి మళ్ళీ బిగించాలా? దీని మీద ఏళ్ళ తరబడి గొడవ నడుస్తోంది. మొదట ఒక డౌట్ క్లియర్ చేద్దాం. మాజ్దా కార్లలో "ఆర్" అంటే రోటరీ. యమహా ఆర్‌ఎక్స్‌లో రోటరీ ఏమీ లేదు, అది మామూలు టూ స్ట్రోక్ పిస్టన్ బండి. పేర్లు కలిశాయి అంతే. కానీ రెండిటికీ ఒకే ఆకలి ఉంది: రెండూ ఆయిల్ తాగుతాయి.

ఎందుకు తాగుతాయి? ఫోర్ స్ట్రోక్ బండిలో ఆయిల్ కింద ఉంటది, పిస్టన్ రింగులు గోడ మీది ఆయిల్‌ని గీకి కిందికి పంపేస్తాయి. రోటరీలో పిస్టనే లేదు. మధ్యలో కొంచెం నొక్కిన కోడిగుడ్డు ఆకారంలో ఒక గది, లోపల మూడు మూలల రోటర్ తిరుగుతుంటది. ఒక్కో మూలకి ఒక సన్నటి పట్టీ. దాన్నే అపెక్స్ సీల్ అంటారు. అది గోడని రాసుకుంటూ పోవాలి, గ్యాస్ లీక్ కాకూడదు. అక్కడికి నూనె కిందినుంచి చేరదు. కాబట్టి మంట మండే గదిలోకే చుక్క చుక్కగా నూనె వదలాలి, అది పని చేసి కాలిపోవాలి. అంటే రోటరీ ఆయిల్ తాగడం జబ్బు కాదు, డిజైనే అంత.

మన అనంతపురం వాళ్ళకి ఇది అర్థం కావడం చాలా సులువు. ఇది డ్రిప్పే! మీటరింగ్ పంపు అంటే మన మోటారు. సన్న పైపులంటే లాటరల్స్. చివర నాజిల్ అంటే డ్రిప్పర్. చీనీ తోటలో ఒక డ్రిప్పర్ మూసుకుపోతే ఆ ఒక్క చెట్టు ఎండుతుంది, మోటారు మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంటది. ఇక్కడా అంతే. పంపు బాగుంది కదా అని ధీమాగా ఉంటే లోపల సీల్ ఎండిపోతుంది.

ఇప్పుడు చరిత్రలోకి పోదాం. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన మీద ఎన్‌ఎస్‌యూ కంపెనీ పనిచేసి, 1957లో మొదటి ప్రోటోటైప్‌ని తిప్పింది. 1961లో జపాన్ వాళ్ళు లైసెన్స్ తీసుకున్నారు. అప్పుడు కంపెనీ పేరు టోయో కోగ్యో, ఇప్పుడు మాజ్దా. కెనిచి యమమోతో అనే ఇంజనీరు కింద ఒక టీమ్ పెట్టారు. వాళ్ళని సతాయించిన సమస్య ఏంటంటే, సీల్ దడదడమని ఎగిరి గోడ మీద గీతలు పెట్టేది. వాటికి "దయ్యం గోళ్ళ గీతలు" అని పేరు పెట్టుకున్నారు. సీల్ మెటీరియల్ మార్చి, నూనె లెక్క సరిచూసి, 1967లో కాస్మో స్పోర్ట్ కారు వదిలారు. అదే ఏడాది ఎన్‌ఎస్‌యూ కూడా ఆర్ఓ 80 అనే కారు తెచ్చింది. దాని ఇంజన్లు తొందరగా పాడయ్యాయి, వారంటీ ఖర్చు నడ్డి విరిచింది. 1969కల్లా కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ గూటికి చేరింది. మాజ్దా మాత్రం 1978లో ఆర్‌ఎక్స్-7 తెచ్చి, 1991లో లె మాన్ 24 గంటల రేసు గెలిచింది.

అదే కాలంలో టూ స్ట్రోక్ వైపు ఏం జరిగిందో చూడండి. అక్కడ పెట్రోల్‌లోనే ఆయిల్ కలపాలి. జర్మనీలో డీకేడబ్ల్యూ కార్లకి ఆయిల్‌ని దానంతట అదే కలిపే పంపు పెట్టారు. 1962–63 చలికాలం భయంకరంగా వచ్చింది. సన్న పైపుల్లో నూనె గడ్డకట్టినట్టు చిక్కబడింది. ఇంజన్లు పోయాయి, కంపెనీ పేరూ పోయింది. 1964లో యమహా తన వైఏ6 బండికి ఆటోల్యూబ్ పెట్టింది. పంపు ఇంజన్ స్పీడ్‌తో తిరుగుతుంది, యాక్సిలరేటర్ కేబుల్ దాని మోతాదు మారుస్తుంది. తిప్పితే ఎక్కువ, వదిలితే తక్కువ. చేత్తో కలిపే పెట్రోల్‌లో ఈ తెలివి లేదు. ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజన్ గిర్రున తిరుగుతుంటది కానీ పెట్రోల్ పోదు, దాంతోపాటు నూనే పోదు.

ఆ ఆటోల్యూబే 1985లో ఎస్కార్ట్స్ వాళ్ళ ఆర్‌ఎక్స్ 100తో మన దేశపు పల్లెలకి వచ్చింది. వచ్చిన దాన్ని మనం ఏం చేశాం? చాలా చోట్ల పీకేశాం. పంపు బంద్ చేసి, "పెట్రోల్‌లోనే కలుపుకో అప్పా" అన్నారు. దాని వెనక తర్కం లేకపోలేదు. 1980 నుంచి టీవీఎస్ 50 నడిపిన జనానికి బంకులో ఆయిల్ కొట్టించుకోవడం అలవాటు. కళ్ళ ముందు కలిపింది నమ్మకం, డొక్కలో దాక్కున్న పంపు అనుమానం. పైగా పంపు ఆగితే చెప్పే దిక్కు లేదు.

అసలు ప్రమాదం తర్వాత వస్తుంది. బండి చేతులు మారుతుంది, ఈ మాట మారదు. మా మామ అట్లాంటి ఆర్‌ఎక్స్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఆయిల్ ట్యాంకు నిండుగా కనబడుతోంది కదా అని ఉత్త పెట్రోల్ పోయించాడు. పంపు బంద్ అయిందని అమ్మినాయన చెప్పలేదు. కళ్యాణదుర్గం రోడ్డులో పిస్టన్ పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుంది, మనిషి పడ్డాడు. భుజం ఎముక విరిగింది. ఆ ఏడాది శెనక్కాయ పీకే పనికి చేయి లేవలేదు. నిండుగా ఉన్న ట్యాంకు అబద్ధం చెప్పింది, దాన్ని నమ్మిన మనిషి పడ్డాడు.

కాబట్టి తీసేయొద్దు, సర్వీస్ చేయండి. రోటరీ అయినా ఆర్‌ఎక్స్ అయినా సూత్రం ఒకటే. ఇంజన్ బాగా చల్లారాక మొదలుపెట్టాలి. పైపు విప్పే ముందు చుట్టూ మట్టి కడగాలి, మన దుమ్ములో ఇది చాలా ముఖ్యం. ఏ పైపు ఎక్కడిదో గుర్తు పెట్టుకోవాలి. వేడికి ఏళ్ళ తరబడి ఉడికిన ప్లాస్టిక్ పైపు, ఎండకి మగ్గిన డ్రిప్ పైపులాగే పుటుక్కున విరుగుతుంది. వంచొద్దు, కొత్తది వేయండి. బోల్టు కింద రాగి వాషర్లు ఉంటే అవీ కొత్తవే. నాజిల్‌లో గాలి ఒకవైపే పోవాలి. రెండు వైపులా పోతే లోపలి వాల్వ్ చచ్చినట్టు. బిగించాక పైపులో బుడగ లేకుండా నూనె నింపాలి. ఆ బుడగ పోయేదాకా నూనె అందదు, అందుకే మొదటి ట్యాంకు పెట్రోల్‌లో మాత్రం ఆయిల్ కలిపి నడపండి. ఒకవేళ ఎవరైనా పంపు తీసేసే ఉంటే, పెట్రోల్ మూత పక్కనే పెయింట్‌తో రాయండి: "ఆయిల్ కలపాలి". పది రూపాయల పని.

"రోటరీకీ మనకీ సంబంధమేంది?" అంటారా? చిత్తూరు సరిహద్దు దాటితే వచ్చే కోలారులో, అదే మన తెలుగు వినబడే కోలారులో, 2009లో నిశాంత్ అనే పైలట్ లేని విమానం దేశంలో తయారైన వాంకెల్ ఇంజన్‌తో మొదటిసారి ఎగిరింది. 55 హార్స్ పవర్ ఇంజన్, 35 నిమిషాల ప్రయాణం. నేషనల్ ఏరోస్పేస్ ల్యాబ్ వాళ్ళు ఇంజన్ గుండెకాయ చేశారు, అహ్మద్‌నగర్ వీఆర్‌డీఈ వాళ్ళు ఇగ్నిషన్, ఇంధనం సంగతి చూశారు. అంతకుముందు ఆ ఇంజన్ విదేశం నుంచి కొనేవాళ్ళు.

ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది. టీవీఎస్ ఎక్స్‌ఎల్ కూడా 2015లో ఫోర్ స్ట్రోక్‌కి మారింది. ఆయిల్ కలిపే లెక్క తెలిసిన చేతులు మన ఊళ్ళలో తగ్గిపోతున్నాయి. మీ దగ్గర్లో అట్లాంటి పెద్ద మెకానిక్ ఉంటే ఈ వారమే పోయి కూర్చోండి, పంపు విప్పించి చూడండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "అన్నా, ఆయిల్ పంపు ఉందా, తీసేసినారా?"

వచ్చే ఎపిసోడ్‌లో మన బావుల మీది ఆయిల్ ఇంజన్ల కథ చెప్తా. ఉంటా మరి.