నల్లమందు చరిత్రము



మనవారు నల్లమందనియు, అభినియనియు పిలుచు ద్రవ్యమునకు సంస్కృతమున అహిఫేనమని పేరు. పాము నురుగని యర్థము. గసగసాల కాయకు గాటుపెట్టగా కారి గట్టిపడిన పాలకును పామునకును నిజముగ సంబంధము లేదు. యవనుల ఓపియాన్ అరబ్బుల నోట అఫ్యూన్ కాగా, మన పండితులు దానిని సంస్కరించి అహిఫేనము గావించిరి. ఆ సంస్కారమున యాదృచ్ఛికముగనే యెంత సత్యము పడినదో!

చరక సుశ్రుత సంహితలలో నీ మందు కానరాదు. తరువాతివాడగు శార్ఙ్గధరుడు దీనిని భంగుతో జేర్చి 'వ్యవాయి' యనెను. అనగా జీర్ణము కాకమునుపే దేహమెల్ల వ్యాపించునది. అతిసారమునకును నొప్పికిని మంచి మందే. చిక్కంతయు నక్కడనే యున్నది.

1773లో వారన్ హేస్టింగ్సు వంగదేశపు నల్లమందును కంపెనీవారి గుత్తాధికారము క్రిందికి దెచ్చెను. పాట్నా, ఘాజీపూరుల సరకు కలకత్తాలో వేలమై, వర్తకులచే దొంగచాటుగ చీనాకు చేరుచుండెను. 1839లో లిన్ జెషూ యను చీనా యధికారి హూమెన్ కడ 20,000 పెట్టెలకు పైగా పట్టి, ఉప్పునీటను సున్నమునను కరగించి సముద్రము పాలుచేయించెను. దానికి ప్రతిఫలము యుద్ధము. 1842 సంధితో చీనా హాంకాంగును గోల్పోయెను. 1895లో రాయల్ కమిషనువారు హిందూదేశపు నల్లమందు వాడుక అంత హానికరము కాదని తేల్చిరి. ఖజానా నిండుచుండగా విచారణ వేరొకరీతి పలుకునా?

నల్లమందునుండియే మార్ఫీను, దానినుండి హెరాయిను పుట్టెను. 1898లో బేయర్ కంపెనీవారు హెరాయినును దగ్గుమందుగ నమ్మిరి. పట్టి వదలకుండుటలో నది తల్లిని మించెను.

దినదినము సేవించువానికి నిన్నటి మోతాదు నేడు చాలదు. మానినచో ఒడలునొప్పులు, వాంతులు, విరేచనములు, నిద్రలేమి. బంధువులు వానిని సిగ్గుమాలినవాడని దూషించి, ఇంటిగుట్టని దాచెదరు. అది మెదడునకు గలిగిన వ్యాధియని యెరుగరు. మోతాదు మించెనా, శ్వాసను నడుపు మెదడుభాగము మందగించి మనుజుడు నిద్రించుచున్నట్లే యుండి యూపిరి విడుచును. కొన్నాళ్లు మాని మరల పాత మోతాదు దీసికొనువానికి ఈ యపాయ మధికము. సకాలమున నలోక్సోన్ అను మందిచ్చినచో ఊపిరి మరలును. పసిబిడ్డకు రవ్వంతయే ప్రాణాంతకము.

మా మాతామహి చెప్పగా వింటిని. కోతల దినములలో తల్లులు పొలమునకు బోవుచు చంటిబిడ్డ నాలుకపై ఆవగింజంత నల్లమందు రాచెడివారట. ఆమె తమ్ముడట్లు నిద్రించి మేల్కొనలేదు. ఇంటివారు దిష్టి యనిరి. ఆ రాత్రి తల్లి యెవరికిని జెప్పక నల్లమందు భరిణెను పెరటిబావిలో వైచుట మాత్రము ఆమె చూచినదట.