రెప్పమీది రెండవ పొర

కనురెప్పపై, వెండ్రుకల మొదలునకు కొంచెము ఎగువగా, కన్ను తెరచినపుడు లోనికి ముడుచుకొనుచు, మూసినపుడు విప్పుకొనుచు నుండు సన్నని మడత యొకటి కలదు. మనలో దాదాపు అందరికిని నుండుటచేతనే కాబోలు దానిని మనము వేరుగా పేర్కొనము. మన కవులు కంటిని మీనముతోను, కలువతోను, తామరరేకుతోను పోల్చి తనివినొందిరే గాని రెప్పమడతపై వారి చూపు అంతగా నిలువలేదు. జపాను, చైనా, కొరియా దేశములందు సంగతి వేరు. అచ్చట సుమారు సగముమందికి ఈ మడత యుండును, సగముమందికి నుండదు. ఒకే యింట అక్కకు ఉండి చెల్లెలికి లేకపోవచ్చును. అంతేకాదు, ఒకే మొగమున కుడికంటికి ఉండి ఎడమకంటికి లేకపోవచ్చును. జపానీయులు మడత లేని రెప్పను ‘హితోఎ’ అనియు, ఉన్నదానిని ‘ఫుతాఎ’ అనియు అందురు. అనగా ఒంటిపొర, రెండుపొరలు. రెప్పను పైకెత్తు కండరపు పోగులు కొన్ని చర్మమును పట్టుకొనియున్నచోట, కన్ను తెరచినప్పుడెల్ల చర్మము లోనికి లాగబడి గీత యేర్పడును. ఆ పట్టు లేక, కొవ్వు రెప్ప అంచువరకు దిగియున్నచోట గీత యుండదు. ఇంతకుమించిన భేదము లేదు. ఈ స్వల్పభేదమునకై నూట యిరువది యేండ్లకు పైబడి లక్షలాది జనులు శస్త్రవైద్యుని యెదుట కన్నులు మూసి పడుకొనిరి.

ప్రాచీన జపానున ఇట్టి కోరిక యున్న జాడలు కానరావు. పండ్రెండవ శతాబ్దమున ఆ దేశపు ప్రసిద్ధగాథయగు గెంజి కథను చిత్రించిన పటములలో రాజకుటుంబపు స్త్రీల కన్నులు కుంచెతో లాగిన యొక్కొక్క గీత మాత్రమే. పదునెనిమిదవ శతాబ్దాంతమున ఉతమారో యను చిత్రకారుడు అచ్చువేసిన సుందరులవియు సన్నని కన్నులే. 1868లో మెయిజీ ప్రభుత్వ మేర్పడిన పిమ్మట అభిరుచి మారసాగెను. పండ్లకు నల్లరంగు పూసుకొనుట, కనుబొమలు గొరిగించుకొనుట అను తరతరాల యాచారములను 1873లో సామ్రాజ్ఞియే విడనాడగా, కులీన స్త్రీలు ఆమె ననుసరించిరి. మొగము ఎట్లుండవలెనను ప్రశ్న ఆ దేశమున మరల తెరువబడిన కాలమది.

అట్టి దినములలో, 1896లో, మికామో కోతారో అను వైద్యుడు ఒక వైద్యపత్రికలో రెండవ పొరను కల్పించు విధానమును ప్రకటించెను. ఆయన కత్తి పట్టలేదు. వెండ్రుకల వరుసకు ఆరు మొదలు ఎనిమిది మిల్లీమీటర్ల యెగువన, రెప్ప మందమంతయు దూసిపోవునట్లు, మూడుచోట్ల పట్టుదారము కుట్టెను. రెండవ దినము మొదలు ఆరవ దినములోపల ఆ దారములను తీసివేయవచ్చును. ఎన్ని దినములుంచిన అంత లోతుగా మడత నిలుచును. ఇది నాకు మిక్కిలి హృద్యముగా తోచు విషయము. గీత యొక్క లోతును నిర్ణయించునది వైద్యుని సూది మాత్రమే కాదు, కన్నుమూసి యోర్చుకొను రోగి దినముల లెక్క కూడ. మరియు ఆ ప్రథమరోగి యెవరు? ఒక కంట మడతయుండి రెండవకంట లేని స్త్రీ. ఆమె కోరినది పాశ్చాత్య వనిత కన్ను కాదు. తన రెండవ కన్ను.

మూడు పట్టుదారముల మాట చదివినపుడెల్ల నాకు సుశ్రుతుడు స్ఫురించును. ఆయన సంహితలోని ఉత్తరతంత్రమున, వెండ్రుకలు లోనికి వంగి కంటిని గుచ్చు పక్ష్మకోపమను వ్యాధికి చికిత్స చెప్పబడినది: కనుబొమకు దిగువను రెండు భాగములు, వెండ్రుకల దరిని ఒక భాగము విడిచి, యవగింజ యాకృతిలో చర్మమును కోసి తీసి, వెండ్రుకతో కుట్టి, నేయి తేనెలు పూసి, నుదుట గట్టిన పట్టమునకు ఆ కుట్టును తగిలించి, మచ్చ గట్టిపడిన వెనుక కుట్టిన వెండ్రుకలను తొలగింపవలెను. అది సౌందర్యమునకు గాక వ్యాధికి చేసిన పని. మికామో దానిని ఎరిగెననుట కాదు. అయినను, రెప్పపై కత్తి, దారము నడచిన తావున రోగి నోర్పుతో కాచి యుంచవలసిన కాలమునుగూడ శాస్త్రములో భాగముగా నెంచిన ఆ పూర్వుని చూపు గౌరవింపదగినది.

1926లో ఉచిద యను వైద్యుడు తాను చేసిన చికిత్సల లెక్కను వెలువరించెను: పురుషులు 396 మంది, స్త్రీలు 444 మంది, రెప్పలు 1523. ఈ అంకెలయొద్ద కొంత ఆగవలెను. మొదట, ఇది స్త్రీల చాపల్యమని తేలికగా తీసివేయువారికి ఆ 396 సంఖ్య సమాధానము. పిదప, 840 మందికి రెండేసి చొప్పున 1680 రెప్పలు కావలసియుండగా 157 తక్కువైనవి. అనగా అంతమంది ఒక్క రెప్పకే చేయించుకొని రన్నమాట. మికామో యొద్దకు వచ్చిన స్త్రీవలెనే రెండు కన్నులను సరిపోల్చుకొనుటకు వచ్చినవారు వీరిలో ఎందరో యుందురు. 1929లో మారువో యను వైద్యుడు చర్మమును కోసి మడతను స్థిరపరచు పద్ధతిని తెలిపెను. నాటినుండి కుట్టు, కోత యను రెండు మార్గములు నేటికిని సాగుచున్నవి.

పాశ్చాత్యానుకరణ లేదని నే ననను. 1954లో అమెరికా సైన్యముతో కొరియాకు వెళ్లిన రాల్ఫ్ మిల్లార్డ్ అను శస్త్రవైద్యుడు మరుసటి యేట ప్రకటించిన వ్యాసములో ఒక కొరియా దుబాసిని గూర్చి వ్రాసెను. తన సన్నని కన్నులను చూచి అమెరికనులు తన మనస్సు తెలియక నమ్మకున్నారని యతడు మొరపెట్టుకొని, గుండ్రని కన్నులు కోరెనట. యుద్ధము చిదిమిన దేశమున, విజాతీయ సేనల నడుమ జీవనోపాధి వెదకుకొను మనుష్యుడు నమ్మకముకొరకు రెప్పను కోయించుకొనెను! ఈ వృత్తాంతమును చదివి అతని నెవడు నిందింపగలడు? నింద యున్నచో అది చూచిన కన్నులది గాని కోయబడిన కన్నులది కాదు.

తరువాతి కథ మనము చూచుచున్నదే. 1978లో జపాను సౌందర్య శస్త్రచికిత్సను వైద్యశాఖగా గుర్తించెను. సియోల్ నగరమందలి గంగ్నమ్ ప్రాంతమున ఈ చికిత్సాలయములు వీథులకు వీథులే నిండియున్నవి. విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష ముగిసిన బిడ్డకు తలిదండ్రులు ఈ చికిత్సను బహుమానముగా నిచ్చుట అచ్చట వింత కాదు.

ఇంతటి చరిత్రలో వైద్యులు వ్రాసినదే యెక్కువ. కట్టువెనుక గడపినవారి దినములు వ్రాతకెక్కినది తక్కువ. ఆ దినము లెట్టివి? తొలి రెండుమూడు దినములు రెప్పలు ఉబ్బి బరువెక్కును. తల యెత్తుగా పెట్టి పడుకొని, చల్లని గుడ్డను మెల్లగా ఆనించుకొనుచుండవలెను. కోత పద్ధతిలో ఐదు మొదలు ఏడు దినములకు కుట్లు తీయుదురు. వాపుచేత మడత కోరినదానికన్న ఎత్తున కనబడును. ఒక కంటి వాపు ముందుగా తగ్గి, రెండవదానిది వెనుకబడును. సరిగా అప్పుడే మనిషి పదేపదే అద్దము చూచుకొనును, ‘ఎందుకు చేయించుకొంటిని?’ అని కుములును. నాలుగు వారములకు చాలవరకు వాపు తగ్గినను, గీత తన తావున కుదురుకొనుటకు మూడునెలలు, ఆరునెలలు పట్టును. కోరిక నిమిషములలో తీరును. దానితో పరిచయము మాత్రము ఋతువులు గడచినగాని కలుగదు.

వివాహ ప్రకటనలలో నేటికిని మేనిచాయను అడుగుచున్న మనము ఈ జనులను వింతవారిగా నెంచుట తగదు. పాఠకుడా, నల్లకంటద్దముల వెనుక ఉబ్బిన రెప్పలను దాచుకొనిన మనిషి యెన్నడైన నీకు తారసపడినచో, ‘ఎవరివలె కావలెనని?’ అని అడుగకుము. ఆ 157 మందిని తలచుకొని, కుట్లు తీసిరా, నొప్పి తగ్గినదా అని మాత్రము అడుగుము.