బరాత్ ముందర క్లారినెట్

మా కరీంనగర్ దిక్కు పెండ్లంటే చిన్నప్పటి నుంచీ నాకు రెండు వాయిద్యాలు గుర్తు. పందిట్లో సన్నాయి, బరాత్ ముందర క్లారినెట్. సన్నాయి వాయించేవాళ్లను వరస కలిపి పిలిచేవాళ్లం. క్లారినెట్ ఆయన మాత్రం ఉత్త 'బ్యాండాయన'. పల్లవి ఎత్తుకునేది ఆయనే, డ్రమ్ములూ ట్రంపెట్లూ ఆయన వెనకే. అయినా పేరు అడిగిన గుర్తు లేదు.

ఈ మధ్య యూరప్ ఆర్కెస్ట్రాల చరిత్ర చదువుతుంటే ఆయన యాదికొచ్చాడు. 1982లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌లోకి సబీన్ మేయర్ అనే క్లారినెట్ కళాకారిణిని తీసుకోవాలని కండక్టర్ కరాయాన్ పట్టుబట్టాడు. వాద్యకారులు 73 మంది వద్దన్నారు, నలుగురే సరేనన్నారు. ఆమె ధ్వని తమతో కలవదన్నది వాళ్ల వాదన. ఆడమనిషి కావడమే అసలు కారణమని బయటివాళ్ల అనుమానం. 1984లో ఆమే తప్పుకుంది. ఒక్క కుర్చీ గొడవ ఓట్ల లెక్కతో సహా చరిత్రకెక్కింది.

మన బ్యాండాయనకు ఆ కుర్చీ లేదు. వాయిద్యం మాత్రం అదే. 1700 ప్రాంతంలో న్యూరెంబర్గ్‌లో డెన్నర్ రూపమిచ్చిన క్లారినెట్, సైనిక బ్యాండ్లతో మన దేశానికొచ్చింది. తర్వాత దక్షిణాది నాట్యమేళాల్లో ముఖవీణ స్థానంలోకి చేరింది. తిరుచ్చికి చెందిన ఎ.కె.సి. నటరాజన్ దానిమీద కర్ణాటక కచేరీలు చేసి, 2022లో పద్మశ్రీ అందుకున్నారు.

అదేమీ సులువైన పని కాదు. సన్నాయి గొట్టం కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. ఒత్తి ఊదితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. క్లారినెట్ గొట్టం దాదాపు ఒకే వెడల్పు. అందుకే కింద 'స' పట్టిన వేళ్లే, వెనక మీట నొక్కగానే, పై స్థాయి 'ప' పలికిస్తాయి. గమకానికి మీటలు అడ్డం. పెదవి సడలించి, రంధ్రం మీద వేలు జార్చి రాబట్టాలి. సినిమా పాట చెవితో పట్టి, ముందర కాగితం లేకుండా, నడుస్తూ ఇదంతా చేసేవాడు మా బ్యాండాయన.

జీతమా? ముహూర్తాలే జీతం. ఆషాఢమొస్తే, మూఢమొస్తే పెట్టె మూసి వేరే పనికి పోవుడే. పక్కనే ఆదిలాబాద్‌లో ప్రధానులు కింగ్రి వాయిస్తూ గోండుల వంశగాథలు పాడతారు. వాళ్లకూ పేదరికం తప్పలేదు; కానీ ఎవరు ఏ ఇంటికి పాడాలన్నది తరాల కట్టుబాటు. 1940ల్లో వాళ్ల మధ్య తిరిగిన హైమన్‌డార్ఫ్ దాన్ని రాసిపెట్టాడు. బ్యాండాయనకు ఆ కట్టుబాటూ లేదు, రాసినవాడూ లేడు.

ఇప్పుడు బరాత్ ముందర డీజే బండి నడుస్తోంది. క్లారినెట్ పట్టిన పెద్దమనుషులు ఇంకా కొందరున్నారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మొదటి వాయిద్యం ఎక్కడ కొన్నారు, ఏ ఊళ్లు తిరిగారు – ఇప్పుడే అడిగి రాసుకోవాలి. నా మట్టుకు నేను, అప్పుడు అడగని పేరుతోనే మొదలుపెడతాను.