ఎవరి వేలికి గుచ్చుకుంది?

మా పిన్ని ఒక ప్రభుత్వాసుపత్రిలో ముప్ఫై రెండేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయింది. నేను పుట్టకముందు, 1989లో, ఆమెకి పచ్చకామెర్లు వచ్చాయి. బయట తిండి తిని తెచ్చుకుందని ఇంట్లో అందరూ తేల్చారు. అమ్మమ్మ నేల ఉసిరి రసం తాగించి, నెలన్నర పత్యం పెట్టింది. ఈ కథ నేను చిన్నప్పటినుంచీ వింటున్నదే.

పోయినేడు సంక్రాంతికి వెళ్ళినప్పుడు మాటల మధ్యలో పిన్ని ఇంకో సంగతి చెప్పింది. కామెర్లకి మూడు నెలల ముందు, నైట్ డ్యూటీలో, వాడిన సూదికి మూత పెడుతుంటే ఎడమ బొటనవేలికి దిగిందట. వార్డు నిండా రోగులు, నర్సు తనొక్కతే. కుళాయి కింద వేలు పెట్టి, స్పిరిట్ రాసుకుని, పక్క మంచం దగ్గరకి వెళ్ళిపోయింది.

"ఎవరికీ చెప్పలేదా పిన్నీ?"

"చెబితే నీ అజాగ్రత్తే అంటారు. ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నానే."

ఆ సూది వల్లే జబ్బు వచ్చిందని ఇప్పుడు రుజువు చెయ్యలేం. అప్పుడు పరీక్ష చేసినవాళ్ళూ లేరు, రాసిపెట్టినవాళ్ళూ లేరు. నా పీహెచ్‌డీ తెలుగు కథల్లో ఉద్యోగినుల మీద. నర్సు పాత్రల మీద ఒక అధ్యాయం మొత్తం రాశాను. వాళ్ళ తెల్లచీర గురించి, సేవ గురించి, ఒంటరితనం గురించి రాశాను. వాళ్ళ వేళ్ళ గురించి ఒక్క వాక్యం రాయలేదు. ఆ సిగ్గుతోనే చరిత్ర పుస్తకాలు తిరగేశాను.

వైద్యచరిత్రలో బాగా పేరుపడ్డ గాయం ఒక మగ ప్రొఫెసరుది. 1847లో వియన్నా జనరల్ హాస్పిటల్లో శవపరీక్ష జరుగుతుండగా ఒక విద్యార్థి చేతిలోని కత్తి యాకోబ్ కొలెచ్కా వేలికి తగిలింది. కొద్దిరోజుల్లో ఆయన చనిపోయాడు. ఆయన శవపరీక్ష వివరాలు చదివిన మిత్రుడు సెమ్మెల్‌వైస్, బాలింత జ్వరంతో పోయే తల్లుల శరీరాల్లోనూ ఇవే మార్పులున్నాయని గుర్తించాడు. శవాల గదినుంచి వైద్యవిద్యార్థుల చేతులే ఆ విషాన్ని కాన్పు గదికి మోస్తున్నాయని అర్థమైంది. క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు. మరణాలు తగ్గాయి.

అయితే ఆ వేలు తెగకముందే లెక్కలన్నీ కళ్ళముందున్నాయి. 1846లో విద్యార్థులు పనిచేసే మొదటి విభాగంలో నూటికి పదకొండు మందికి పైగా తల్లులు చనిపోయారు. మంత్రసానులు పనిచేసే రెండో విభాగంలో ముగ్గురికి లోపే. మొదటి విభాగంలో చేర్చవద్దని ఆడవాళ్ళు కాళ్ళావేళ్ళా పడేవారు. వాళ్ళకి తెలుసు. వైద్యులు మాత్రం గాలిలో దోషమన్నారు, మగవాళ్ళు పరీక్షిస్తే కలిగే సిగ్గు వల్లనన్నారు. వందలమంది తల్లుల చావులు ఇవ్వలేని సాక్ష్యాన్ని ఒక ప్రొఫెసరు వేలు ఇచ్చింది. సెమ్మెల్‌వైస్ గొప్పతనాన్ని తగ్గించాలని కాదు. ఎవరి శరీరం రుజువుగా చెల్లుబాటవుతుందన్నదే నా ప్రశ్న.

పిన్ని అన్న 'అజాగ్రత్త' అనే మాటకి జవాబు ఒక స్త్రీ పరిశోధనలో దొరికింది. వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన జానీన్ జాగర్ బృందం తమ ఆసుపత్రిలో పది నెలల్లో జరిగిన 326 సూదిపోట్లను పరిశీలించి 1988లో ప్రచురించింది. వాళ్ళు ఎవరి తప్పు అని అడగలేదు, ఏ పరికరం అని అడిగారు. విడదీయవలసిన పరికరాలు కొన్ని మామూలు సిరంజి కన్నా అయిదు రెట్లకు పైగా ఎక్కువగా గుచ్చుకుంటున్నాయి. మూత పెట్టడం కూడా నిర్లక్ష్యం కాదు. తెరిచి ఉన్న సూదుల్ని చేత్తో మోసుకుపోవడం, మూతలేని పరికరాన్ని విడదీయడం అంతకన్నా ప్రమాదం కాబట్టే పెడుతున్నారు. అంటే ఆ రాత్రి పిన్ని చేసింది జాగ్రత్తే.

పదేళ్ళ తర్వాత, 1998లో, మాసచుసెట్స్‌లో కేరెన్ డేలీ అనే అనుభవజ్ఞురాలైన నర్సు వాడిన సూదిని డబ్బాలో వేయబోతుంటే అందులోంచి పొడుచుకొచ్చిన మరో సూది దిగింది. హెచ్ఐవీ, హెపటైటిస్ సీ రెండూ సోకాయి. ఆమె దాచుకోలేదు. తన పేరుతోనే బయటకొచ్చి మాట్లాడింది. ఆమెవంటి నర్సుల పోరాటంతో 2000 నవంబరులో అమెరికాలో చట్టం వచ్చింది. యజమానులు సురక్షితమైన పరికరాలు వాడాలి, ఎంపికలో నర్సుల మాట వినాలి, ప్రతి గాయాన్నీ రిజిస్టరులో రాయాలి.

మన దేశంలో జీవవైద్య వ్యర్థాల నిబంధనలు 1998లో వచ్చాయి. 2016లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. వ్యర్థాలు ముట్టుకునే కార్మికులకు హెపటైటిస్ బీ, ధనుర్వాతం టీకాలు వేయించాలని వాటిలో ఉంది. మంచిదే. అయితే అదే నిబంధనలు 'పెద్ద ప్రమాదం' అంటే ఏమిటో నిర్వచిస్తూ సూదిపోటును అందులోంచి మినహాయించాయి. బండి బోల్తా పడితే పెద్ద ప్రమాదం. ఆయమ్మ చేతికి సూది దిగితే కాదు.

ఇది మాటల పట్టింపు కాదు. సూది గుచ్చుకున్నాక హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. నిందకు భయపడి మూసుకున్న నోరు ఆ గంటల్ని మింగేస్తుంది. పర్మినెంటు నర్సే చెప్పుకోలేకపోతే, చెత్త సంచి ఎత్తే కాంట్రాక్టు కార్మికురాలు ఎవరికి చెప్పుకుంటుంది? ఆమెకి దిగిన సూది ఏ రోగిదో కూడా తెలీదు.

ఇదంతా రాయనా అని పిన్నిని అడిగాను. కాసేపు ఆలోచించింది.

"నా పేరు వద్దులే. మా వార్డు ఆయమ్మ సంగతి మాత్రం రాయి. బక్కెట్లో చెయ్యి పెట్టి సూదులు ఏరేది. చేతికి తొడుగు ఉండేది కాదు. ఎన్నిసార్లు గుచ్చుకుందో ఆమెకే లెక్క లేదు."

ఆయమ్మ పేరేమిటని అడిగాను. పిన్నికి గుర్తు రాలేదు. అందరూ ఆయమ్మ అనే పిలిచేవారట.